రోడ్డు మీద తిరిగే కారుకి సాలిడ్ లిఫ్టర్ క్యామ్ కావాలా?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో ఒక వింత గమనించాను. ఆఫీసులో ఒక సర్వర్ పెట్టాలంటే లోడ్ ఎంత, పీక్ ఎప్పుడొస్తుంది, రోజులో ఎంతసేపు ఉంటుంది అని వారం రోజులు గ్రాఫులు చూస్తాం. అదే ఇంజన్ పిచ్చి ఉన్న మనిషి సొంత కారుకి క్యామ్‌షాఫ్ట్ ఎంచుకోవాల్సి వస్తే మాత్రం కేటలాగ్‌లో అన్నిటికన్నా పెద్ద అంకె ఎక్కడుందో దాని మీద వేలు పెడతాడు. అందులోనూ "సాలిడ్ లిఫ్టర్" అని రాసుంటే ఇక చెప్పక్కర్లేదు, అదేదో మగతనానికి సర్టిఫికెట్ అయినట్టు. హైడ్రాలిక్ అంటే సంసారపక్షం, సాలిడ్ అంటే రేసు గుర్రం! అమెరికాలో పాత మస్టాంగో కమారోనో కొనుక్కుని శని, ఆదివారాలు గరాజ్‌లో గడిపే మనవాళ్ళ దగ్గరా ఇదే మాట, ఇక్కడ హైదరాబాద్‌లో పాత బళ్ళు బాగుచేయించుకునే వాళ్ళ దగ్గరా ఇదే మాట.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ రోడ్డు మీద తిరిగే కారుకి పెద్ద సాలిడ్ క్యామ్ దండగ. చిన్న సాలిడ్ క్యామ్ మాత్రం జనం అనుకునేంత చెడ్డది కాదు, సరైన మనిషి చేతిలో చాలా మంచిది. మనవాళ్ళు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. చిన్నదాన్ని చిన్నచూపు చూసి, పెద్దదాన్ని కొంటారు.

ముందు ఇదేమిటో తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంజన్‌లో వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎంత తెరుచుకోవాలో నిర్ణయించేది క్యామ్‌షాఫ్ట్. పాత తరహా ఇంజన్లలో క్యామ్ మీద ఉన్న ఉబ్బు లిఫ్టర్‌ని పైకి నెడుతుంది, అది పుష్‌రాడ్‌ని, పుష్‌రాడ్ రాకర్‌ని, రాకర్ వాల్వ్‌ని. ఆ లిఫ్టర్‌నే మన మెకానిక్‌లు ట్యాపెట్ అంటారు. అది గట్టి ఇనప ముక్క అయితే సాలిడ్. ఇంజన్ వేడెక్కితే లోహం సాగుతుంది కాబట్టి రాకర్‌కి, వాల్వ్‌కి మధ్య కొంచెం సందు వదలాలి. ఫీలర్ గేజ్ పెట్టి ఆ సందు చూసుకోవడమే మనందరికీ తెలిసిన "ట్యాపెట్ సెట్టింగ్". హైడ్రాలిక్ లిఫ్టర్‌లో అయితే లోపల ఒక చిన్న పిస్టన్, దాని కింద ఇంజన్ ఆయిల్ ఉంటాయి. ఆ సందుని ఆయిలే నింపేస్తుంది. సెట్టింగ్ గొడవ లేదు, టకటక చప్పుడూ లేదు.

మన భాషలో చెప్పాలంటే సాలిడ్ అంటే సీ లాంగ్వేజ్. మెమొరీ నువ్వే తీసుకోవాలి, నువ్వే వదలాలి. హైడ్రాలిక్ అంటే గార్బేజ్ కలెక్టర్ ఉన్న జావా. మామూలుగా హాయిగా నడుస్తుంది. కానీ ఆర్‌పీఎం బాగా పెరిగి, స్ప్రింగు చాలక వాల్వ్ అదుపు తప్పితే, హైడ్రాలిక్ లిఫ్టర్ లేని సందుని కూడా ఆయిల్‌తో నింపేసి వాల్వ్‌ని పూర్తిగా మూసుకోనివ్వదు. దాన్నే పంప్-అప్ అంటారు. సాలిడ్‌లో ఆ బాధ లేదు, క్యామ్ ఏం చెబితే వాల్వ్ అది చేస్తుంది. పైకి ఎక్కువ తిరగాల్సిన ఇంజన్‌కి సాలిడ్ వాడటానికి అసలు కారణం ఇదే.

ఇంకో సంగతి, సాలిడ్ ట్యాపెట్ మనకి కొత్తేమీ కాదు. అంబాసిడర్‌లో ఉన్న బీఎంసీ బీ-సిరీస్ ఇంజన్ అదే తరహా. పాత పోత ఇనుము బుల్లెట్ అదే తరహా. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పుష్‌రాడ్‌ని వేళ్ళతో పట్టుకుని, పైకీ కిందకీ ఆట లేకుండా, తేలిగ్గా తిరిగేలా సెట్ చేయడం బుల్లెట్ నడిపినవాళ్ళందరికీ తెలిసిన విద్య. వాళ్ళెవరూ దాన్ని రేసింగ్ టెక్నాలజీ అనుకోలేదు :) కాబట్టి "సాలిడ్" అన్న మాటలో శక్తి లేదు. శక్తి ఏదైనా ఉంటే అది క్యామ్ ఆకారంలో ఉంది.

ఇప్పుడు అసలు లెక్క. ఈ ప్రశ్నకి 1965లోనే షెవర్లే కంపెనీ చక్కటి ప్రయోగం చేసిపెట్టింది. ఆ ఏడాది కార్వెట్‌లో అదే 327 క్యూబిక్ అంగుళాల వీ8ని, అదే 11:1 కంప్రెషన్‌తో, రెండు రకాలుగా అమ్మారు. ఎల్79 అనేదానికి హైడ్రాలిక్ క్యామ్. ఎల్76 అనేదానికి అభిమానులు "డంటోవ్ 30-30" అని పిలుచుకునే సాలిడ్ క్యామ్. ఇన్‌టేక్‌కీ ఎగ్జాస్ట్‌కీ అంగుళంలో వెయ్యో వంతులు ముప్ఫై చొప్పున సందు ఉండాలి కాబట్టి 30-30 అని పేరొచ్చింది. కంపెనీ ప్రకటించిన అంకెలు ఇవి:

హైడ్రాలిక్ ఎల్79: 5,800 ఆర్‌పీఎం దగ్గర 350 హార్స్‌పవర్, 3,600 దగ్గర 360 పౌండ్-అడుగుల టార్క్.
సాలిడ్ ఎల్76: 6,200 దగ్గర 365 హార్స్‌పవర్, 4,000 దగ్గర 350 పౌండ్-అడుగుల టార్క్.

మళ్ళీ ఒకసారి చూడండి. సాలిడ్ వల్ల పైన వచ్చింది 15 గుర్రాలు. అది కూడా ఆరు వేలు దాటాక. కింద పోయింది 10 పౌండ్-అడుగుల టార్క్, అంటే మనం "పికప్" అనేది. పైగా ఆ తగ్గిన టార్క్ కూడా 400 ఆర్‌పీఎం ఆలస్యంగా వస్తుంది. బ్రోచర్‌లో ముందు కనపడేది 365. సిగ్నల్ దగ్గర నుంచి బండి కదిలేటప్పుడు పనికొచ్చేది రెండో అంకె.

ఇక్కడ కేటలాగ్ చదవడంలో ఒక మెలిక ఉంది. 30-30 క్యామ్ వాల్వ్ లిఫ్ట్ 0.485 అంగుళం అని రాస్తారు. కానీ మొదటి 0.030 అంగుళం సందు పూడ్చడానికే పోతుంది. అది తీసేస్తే వాల్వ్ నిజంగా లేచేది 0.455. ఎల్79 హైడ్రాలిక్ క్యామ్ లిఫ్ట్ 0.447. కాగితం మీద కొండంత కనపడిన తేడా ఇంజన్‌లోకి వచ్చేసరికి వెంట్రుకవాసి! డ్యూరేషన్ సంగతీ అంతే. సాలిడ్‌లో సందు కొన్ని డిగ్రీలు మింగేస్తుంది. అందుకని సాలిడ్ క్యామ్ అంకెని హైడ్రాలిక్ క్యామ్ అంకె పక్కన నేరుగా పెట్టి పోల్చకూడదు. రెండు వేరే యూనిట్లలో ఉన్న బెంచ్‌మార్కులని పోల్చినట్టే.

ఇంకో ఉదాహరణ. క్రైస్లర్ 426 స్ట్రీట్ హెమీ అంటే అమెరికన్ కుర్రాళ్ళకి ఇప్పటికీ దేవుడు. 1966 నుంచి దానికి సాలిడ్ లిఫ్టర్లే. 1970 మోడల్‌కి కంపెనీ హైడ్రాలిక్‌కి మారింది. ప్రకటించిన 425 హార్స్‌పవర్ మాత్రం అలాగే ఉంది. ఆ రోజుల్లో కంపెనీలు ప్రకటించే అంకెలని పూర్తిగా నమ్మలేం, నిజమే. కానీ తమ దగ్గరున్న అతి శక్తివంతమైన ఇంజన్‌ని రోడ్డు మీద నడిపే మనిషికి సెట్టింగ్ గొడవ తప్పించడమే మేలని ఆ కంపెనీ అనుకుంది. అది గమనించాలి.

సరే, అమెరికా సంగతి పక్కన పెట్టి మన రోడ్డు మీదకొద్దాం. మాది బడంగ్‌పేట్. ఇక్కణ్ణుంచి మామిడిపల్లి మీదుగా శ్రీశైలం హైవే మీదకొచ్చి, తుక్కుగూడ దగ్గర ఔటర్ ఎక్కి, శంషాబాద్ దాటి గచ్చిబౌలి వెళ్ళే కారుని తీసుకోండి. హైదరాబాద్‌లో ఇంతకన్నా వేగంగా వెళ్ళగలిగే దారి ఇంకోటి లేదు. ఔటర్ మీద గరిష్ట వేగాన్ని 2023లో 120 కిలోమీటర్లకి పెంచారు. మామూలు హ్యాచ్‌బ్యాక్ టైరు, 175/65 ఆర్14, ఒక చుట్టు తిరిగితే 1.83 మీటర్లు వెళ్తుంది. గంటకి 120 కిలోమీటర్లంటే నిమిషానికి 2,000 మీటర్లు, అంటే చక్రం నిమిషానికి సుమారు 1,090 చుట్లు. టాప్ గేర్‌లో మొత్తం నిష్పత్తి 3.2 అనుకుంటే ఇంజన్ తిరిగేది 3,500 ఆర్‌పీఎం. అంతే! చట్టం ఒప్పుకునే అత్యధిక వేగంలో, ఊళ్ళో ఉన్న అత్యంత మంచి రోడ్డు మీద, 3,500. లెఫ్ట్ లేన్‌లో 80లో వెళ్తుంటే 2,300. అదే కారు చాంద్రాయణగుట్ట వైపు మూడో గేర్‌లో 40లో వెళ్తుంటే 1,900.

పెద్ద సాలిడ్ క్యామ్ కేటలాగ్‌లో "పనిచేసే పరిధి 3,500 నుంచి 7,000" అని రాసి ఉంటుంది. అంటే మన ప్రయాణం ఎక్కడ అయిపోతుందో దాని పని అక్కడ మొదలవుతుందన్నమాట.

రెండో గేర్‌లో లాగొచ్చు కదా అంటారేమో. లాగొచ్చు. ఆ గేర్ మొత్తం నిష్పత్తి 7.6 అనుకుంటే 4,000 ఆర్‌పీఎం దగ్గర మీరు గంటకి 58 కిలోమీటర్లలో ఉంటారు, 7,000 దగ్గర 101లో. సిటీ లోపల స్పీడ్ లిమిట్ దాదాపు క్యామ్ నిద్ర లేచే చోటే అయిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళకీ ఇదే లెక్క. 3.73 రేర్ గేరు, 26 అంగుళాల టైరు ఉన్న పాత వీ8 కారు 65 మైళ్ళ వేగంలో టాప్ గేర్‌లో తిరిగేది సుమారు 3,100.

పైన లాభం లేకపోతే పోనీ, కింద నష్టం లేకపోతే ఎవరి సరదా వాళ్ళది అని వదిలేసేవాణ్ణి. కానీ నష్టం ఉంది. డ్యూరేషన్ పెద్దదయ్యే కొద్దీ ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ ఒకేసారి తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో అది వరం. స్లోలో మాత్రం ఇంజన్ గుడగుడలాడుతుంది, ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ పడిపోతుంది. ఆ గుడగుడ విని మురిసిపోయేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతారు. బ్రేక్ బూస్టర్ నడిచేది ఆ వ్యాక్యూమ్‌తోనే. అది చాలకపోతే పెడల్ రాయిలా అవుతుంది. ఆరాంఘర్ దగ్గర ట్రాఫిక్‌లో పది సార్లు వరసగా బ్రేక్ తొక్కాల్సిన చోట, ముందు ఆటో హఠాత్తుగా ఆగితే, కాలికి అదనపు బలం కావాలి. ఈ మొత్తం గొడవలో నాకు నిజంగా భయం వేసేది ఇదొక్కటే. మిగతావన్నీ డబ్బుతో పోయేవి. వేరే వ్యాక్యూమ్ పంపు పెట్టించుకోవచ్చు, నిజమే. కానీ క్యామ్ కొనేటప్పుడు దాని ఖర్చు లెక్కేసేవాళ్ళు ఎంతమంది?

మే నెలలో ఏసీ వేస్తే స్లో నిలబడదు. పొల్యూషన్ టెస్ట్ పెట్రోల్ బండికి ఐడ్లింగ్‌లోనే చేస్తారు, అక్కడ కాలని పెట్రోలు నేరుగా సైలెన్సర్‌లోంచి బయటికొస్తుంది. చట్టం సంగతి కూడా చూసుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. ఇంజన్ లోపలున్న క్యామ్ ఎవరికి కనపడుతుంది అనొచ్చు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ వాళ్ళు బండి విప్పి చూసిన రోజున కనపడుతుంది.

ఇంతవరకూ చదివి నేను సాలిడ్‌కి శత్రువుననుకోకండి. అవతలి పక్షం వాళ్ళు చెప్పే మాటలూ అన్నీ నిజం కాదు. "ప్రతి ఆదివారం ట్యాపెట్లు సెట్ చేసుకుంటూ కూర్చోవాలి" అంటారు. అబద్ధం. మంచి లాక్‌నట్లు, సరైన స్ప్రింగులు ఉంటే ఒకసారి పెట్టిన సెట్టింగ్ వేల కిలోమీటర్లు కదలదు. కదిలితే అది లోపల ఏదో అరుగుతోందని మీకు ముందుగా అందిన అలర్ట్. హైడ్రాలిక్ ఆ అరుగుదలని నిశ్శబ్దంగా కప్పేస్తుంది, తెలిసేసరికి ఆలస్యమవుతుంది. సాలిడ్‌లో నాకు నచ్చేది ఈ గుణమే. హార్స్‌పవర్ కన్నా ఇది విలువైంది.

చప్పుడు గురించి కూడా ఒక అపోహ ఉంది. గ్యాస్ మీద నడిచే ఆటోల మెకానిక్‌ని ఎవర్నైనా అడగండి. ట్యాపెట్ కాస్త చప్పుడు చేస్తే ఆయన కంగారు పడడు, అసలు చప్పుడే లేకపోతే అనుమానిస్తాడు. వాల్వ్ సీటు అరిగి వాల్వ్ లోపలికి దిగే కొద్దీ సందు తగ్గిపోతుంది. సందు పూర్తిగా పోతే వాల్వ్ సరిగ్గా మూసుకోదు, వేడి సీటుకి దిగదు, వాల్వ్ కాలిపోతుంది. కొంచెం లూజుగా ఉండటం చప్పుడు, మరీ టైటుగా ఉండటం చావు.

అయితే ఎవరు కొనాలి, ఏది కొనాలి? నా పద్ధతి ఇది.

మొదటిది, డేటా. కారులో ఓబీడీ ఉంటే నెల రోజులు ఆర్‌పీఎం లాగ్ చేయండి. పాత బండి అయితే టాకోమీటర్ పెట్టి గమనించండి. మీ ప్రయాణంలో 4,500 పైన గడిపేది నూటికి ఎంత? ఆ అంకె చాలా చిన్నదైతే క్యామ్ జోలికి పోకుండా మంచి టైర్లు, బ్రేకులు కొనుక్కోండి.

రెండోది, డ్యూరేషన్. 0.050 అంగుళం దగ్గర కొలిచిన అంకె మాత్రమే చూడండి, ప్రకటనల్లో రాసే పెద్ద అంకె వద్దు. ఎల్79 హైడ్రాలిక్‌కి అది 222 డిగ్రీలు, 30-30కి 254. రోడ్డు మీద తిరిగే చిన్న వీ8కి ఆ మొదటి అంకెకి దగ్గర్లో, సందు మింగే కొన్ని డిగ్రీలు కలుపుకుని ఉన్న సాలిడ్ చాలు. లోబ్ సెపరేషన్ 112 నుంచి 114 ఉంటే స్లో, వ్యాక్యూమ్ రెండూ బతుకుతాయి. ఆ రెండు షెవర్లే క్యామ్‌లకీ అది 114.

మూడోది, కంప్రెషన్. పెద్ద క్యామ్ ఇన్‌టేక్ వాల్వ్‌ని ఆలస్యంగా మూస్తుంది, అప్పటికే పైకి లేస్తున్న పిస్టన్ కొంత గాలిని వెనక్కి నెట్టేస్తుంది. తక్కువ కంప్రెషన్ ఇంజన్‌లో పెద్ద క్యామ్ వేస్తే ఉన్న పికప్ కూడా పోతుంది.

నాలుగోది, సెట్ మొత్తం కొనండి. కొత్త క్యామ్ మీద పాత ఫ్లాట్ లిఫ్టర్లు ఎప్పుడూ వేయకండి, రెండూ ఒకదానికొకటి అలవాటుపడి అరిగి ఉంటాయి. స్ప్రింగులు క్యామ్ కంపెనీ చెప్పినవే వేయండి. ఇంకా బలమైనవి వేస్తే ఇంకా మంచిదనుకుంటే లోబ్‌లు గీరుకుపోతాయి.

అయిదోది, మొదటి అరగంట. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ బతుకు అక్కడే తేలిపోతుంది. స్టార్ట్ అయిన వెంటనే 2,000 పైకి తీసుకెళ్ళి, 20 నుంచి 30 నిమిషాలు అక్కడే అటూఇటూ మారుస్తూ ఉంచాలి. స్లోలో వదిలి చాయ్ తాగడానికి వెళ్తే క్యామ్‌కి చాలినంత ఆయిల్ చిమ్మదు. ఆయిల్ విషయం కూడా ముఖ్యం. లోబ్‌ని కాపాడే జింక్-ఫాస్ఫరస్ మందు క్యాటలిటిక్ కన్వర్టర్‌ని పాడుచేస్తుందని 2004లో వచ్చిన ఏపీఐ ఎస్‌ఎం ప్రమాణంలో పల్చటి గ్రేడ్లకి ఫాస్ఫరస్ 0.08 శాతం మించకూడదని పెట్టారు. కొత్త కారుకి మంచిదైన ఆయిల్ పాత ఫ్లాట్ ట్యాపెట్‌కి మంచిది కాకపోవచ్చు. డబ్బా మీద బొమ్మ చూసి కాదు, డేటాషీట్ చూసి కొనండి. ఒక్క లోబ్ పోతే పోయేది క్యామ్ ఒక్కటే కాదు, ఆ ఇనప పొడి ఆయిల్‌తో కలిసి బేరింగుల దాకా వెళ్తుంది. మొత్తం ఇంజన్ విప్పాలి.

ఆఖరిది, ఫీలర్ గేజ్ పట్టుకునేది ఎవరు? మీరే అయితే, వాల్వ్ కవర్ విప్పి గంటన్నర కూర్చోవడం మీకు సరదా అయితే, చిన్న సాలిడ్ హాయిగా పెట్టుకోండి. "మెకానిక్ చూసుకుంటాడులే" అనుకునేవాళ్ళకి హైడ్రాలిక్. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. ఆన్-కాల్ చేసే ఓపిక లేనివాడు మేనేజ్డ్ సర్వీస్ తీసుకుంటాడు, అంతే కదా.

బుల్లెట్ కంపెనీ కథ చూడండి. 2008లో థండర్‌బర్డ్ ట్విన్‌స్పార్క్‌తో కొత్త ఇంజన్ తెచ్చి హైడ్రాలిక్ ట్యాపెట్లు పెట్టింది. జనం హాయిగా నడిపారు. 2018లో 650 ట్విన్స్, 2020లో మీటియర్ 350 వచ్చేసరికి క్యామ్‌ని పైకి, హెడ్‌లోకి తీసుకెళ్ళి మళ్ళీ సెట్టింగ్ స్క్రూలకే వచ్చింది. జనం అవీ హాయిగానే నడుపుతున్నారు. ఏ ఇంజన్‌కి ఏది నప్పితే అది పెట్టారు. ఇందులో వీరత్వం, పిరికితనం ఎక్కడున్నాయి?

నిజంగా 7,000 ఆర్‌పీఎం కావాలనుకునేవాళ్ళకి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి. ట్రాక్ కారుకి పెద్ద సాలిడ్ పెట్టి, ట్రెయిలర్ మీద తీసుకెళ్ళి, తృప్తిగా తిప్పండి. దానికి నేను చప్పట్లు కొడతాను. ఔటర్ మీద అర్ధరాత్రి ఆ క్యామ్‌ని నిద్ర లేపాలనుకునేవాళ్ళకి మాత్రం ఒక్క మాట. ఆ రోడ్డు మీద అదే సమయానికి ఫ్లయిట్ అందుకోవడానికి పిల్లాపాపలతో వెళ్ళే కుటుంబాలు ఉంటాయి, నైట్ షిఫ్ట్ ముగించుకుని క్యాబ్‌లో నిద్రపోతున్న మనవాళ్ళే ఉంటారు. మీ పదిహేను గుర్రాల ఖరీదు వాళ్ళెందుకు కట్టాలి?

మీ లెక్కలు వేరేగా వస్తే చెప్పండి. గేర్ నిష్పత్తులు, టైరు సైజు ఇవ్వడం మాత్రం మర్చిపోకండి, అవి లేకుండా వాదించుకుంటే మళ్ళీ బ్రోచర్ దగ్గరికే వెళ్తాం.